గల్మ దాటిన వెనుక

ఇల్లు ఊడ్చే మిషను కొనాలని మనీషకు ఉగాది ముందు బుద్ధి పుట్టింది. శ్రావణమాసం వచ్చినా మిషను రాలేదు. పొద్దున ఫోన్లో ఒకటి ఎంచుకుంటుంది, మధ్యాహ్నానికి అది వద్దనిపిస్తుంది, సాయంత్రం ఇంకొకటి చూస్తుంది. ఒకటి ఊడుస్తుంది గాని తుడవదు. ఇంకొకటి ఊడ్చి తుడుస్తుంది గాని దాని కడుపులో చెత్త మనమే దులపాలి. మరొకటి చెత్త తనే దులుపుకుంటుంది, తడిబట్ట మాత్రం పిండమని మన చేతికే ఇస్తుంది. ఏ ఊరివాళ్లో తమ ఇంట్లో నేల మీద కావాలని కందిపప్పు ఒలకబోసి, దాని మీదికి మిషన్ను వదిలి తీసిన వీడియోలన్నీ ఆమె చూసేసింది. అన్నం వారుస్తూ చూసింది, కూతురు అక్షితకు జడ వేస్తూ చూసింది, తను పనిచేసే కరెంటాఫీసులో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని చూసింది. చూసినకొద్దీ తేల్చుకోవడం ఇంకా కష్టమైంది.

“లగ్గానికి ముందు మీ ఇంటికి వచ్చినప్పుడు నన్ను గూడ గింతసేపు చూడలే నువ్వు,” అన్నాడు ఆమె భర్త సైదులు.

“గప్పుడు నీ మీద గిన్ని వీడియోలు లేకుండె,” అంది మనీష తల ఎత్తకుండానే.

సైదులుకు నల్లగొండలో మిర్యాలగూడ రోడ్డు మీద మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. నోరు మంచిది, చెవి మాత్రం సగమే వింటుంది. పెళ్లాం నడుం నొప్పి అంటున్నది, ఏదో ఒకటి తెచ్చి పడేస్తే ఇల్లు నిమ్మళంగా ఉంటుంది, అంతవరకే అతని ఆలోచన. నడుం నొప్పి అబద్ధమేం కాదు. కాని అది పైకి చెప్పుకునే మాట. అసలు సంగతి నడుములో లేదు.

మన దిక్కు ఇంట్లోంచి మనిషి ఊరికి బయలుదేరితే వెనకాలే ఇల్లు ఊడ్వరు. పోయినవాళ్లు చేరవలసిన చోటికి చేరేదాకా, కనీసం ఒక పొలిమేర దాటేదాకా చీపురు మూలనే ఉంటుంది. ఎందుకంటే, మనిషి గల్మ, అంటే గడప, దాటగానే వెనకాల ఊడ్చి కడిగేది ఒక్కప్పుడే, పాడె లేచినప్పుడు. ఈ ముక్క ఎవరూ పిల్లలను కూర్చోబెట్టి చెప్పరు. ఎవరో చీపురు పట్టబోతారు, ఎవరో “ఆగు, ఇప్పుడే పోయిన్రు” అంటారు, అట్లా తెలిసిపోతుంది.

మనీషకూ తెలుసు. తెలిసే ఊడ్చింది. పోయిన ఏడు మృగశిర కార్తె పెట్టిన వారం, మామ లింగయ్య కౌలుకిచ్చిన పొలం చూసొస్తానని సొంతూరు కేతేపల్లికి బయలుదేరాడు. ఆ పొద్దున ఆఫీసులో పెద్దసారు వస్తున్నాడని మనీషకు కాలు నిలవడం లేదు. ముసలాయన సందు మలుపు తిరిగాడో లేదో, ఎవరు చూస్తారులే అనుకుని గబగబా హాలు ఊడ్చి వాకిట్లోకి నెట్టేసింది. ఆయన నకిరేకల్ బస్టాండులో బస్సు మారడానికి దిగి, బల్ల మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. గుండె. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

చూసినవాళ్లు ఉన్నారు. లింగయ్య చెల్లెలు కృష్ణమ్మ ఆ రోజు ఆ ఇంట్లోనే ఉంది. దినాల నాడు చుట్టాలందరూ కూర్చున్నచోట ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మా అన్న గల్మ దాటిండో లేదో, ఈ పిల్ల ఎనకనే ఊడ్సుకొచ్చింది. నా కండ్లతోని చూసిన,” అంది. గోడకు ఆనుకుని కూర్చున్న అత్త బిక్షమ్మ తల ఎత్తి మనీషను ఒక్కసారి చూసి, మళ్లీ తల దించుకుంది. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

అంతే. ఆ తర్వాత ఏడాది దాటినా బిక్షమ్మ నోట ఆ ముచ్చట రాలేదు. కోడలితో ఎప్పటిలాగే ఉంది. కూర తరిగి ఇస్తుంది, మనవరాలికి తలకు నూనె పెడుతుంది, మనీష ఆఫీసు నుంచి వచ్చేసరికి ఛాయ పెట్టి ఉంచుతుంది. తిట్టినా బాగుండేది. తిడితే మనీష ఏడ్చి, ఎదురు చెప్పి, ఏదో ఒకటి తేల్చుకునేది. అత్త కడుపులో ఏమున్నదో తెలియక, అడిగే ధైర్యం లేక, ఆమెకు ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో చీపురుకు కొత్త చట్టం వచ్చింది. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్లినా చేరినట్టు కబురు రావాలి. సైదులు దుకాణం షట్టరు ఎత్తగానే ఫోన్లో బొటనవేలు బొమ్మ పంపాలి. బడి బస్సు డ్రైవరు అక్షిత దిగిందని చెప్పాలి. ఆ రెండూ వచ్చేదాకా మనీష ఒక చేత్తో చీపురు, ఒక చేత్తో ఫోను పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతుంది. అందరూ పోయాక వచ్చి ఊడ్చే పనామెను కూడా ఏదో సాకు చెప్పి మాన్పించింది. పొద్దుగూకి దీపం పెట్టాక ఎట్లాగూ ఊడ్వరాదు. ఇంటి ముందేమో రోడ్డు వెడల్పు పనులు, ఎర్రదుమ్ము తలుపు సందుల్లోంచి వచ్చి కూర్చుంటుంది. ఎప్పుడు చూసినా కాళ్ల కింద గరగర.

అందుకే మిషను. మిషనుకు చెయ్యి లేదు, అది ఎవరి కోడలూ కాదు. అందులోనూ చెత్త తనే దులుపుకునేది కావాలి, బట్ట తనే కడిగి పిండుకునేది కావాలి, మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తన చెయ్యి పడకూడదు. ఈ ముక్క ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పరు కాబట్టి ఆమె అన్నీ చూడవలసి వచ్చింది.

ఆఖరికి ఒక ఆదివారం సైదులే విసిగి అందరినీ ఆటో ఎక్కించి గడియారం సెంటరు దగ్గరి దుకాణానికి తీసుకుపోయాడు. రానన్న బిక్షమ్మను అక్షిత కొంగు పట్టుకుని లాక్కొచ్చింది. దుకాణంలో ఖైసర్ అని, సైదులుకు కాస్త తెలిసిన కుర్రవాడు, గడ్డం నున్నగా దువ్వుకుని ఉన్నాడు. వీళ్లను చూడగానే నేల మీద ఛాయపత్తా చల్లి, బిస్కెటు నలిపి పోసి, మిషన్ను వదిలాడు. గుండ్రంగా, చపాతీలు ఒత్తే పీటంత ఉంది. అది మూలమూలకూ తిరిగి, అంతా నాకేసి, ఛార్జింగు పెట్టుకునే తన గూటికి పోయి వెనక్కి తిరిగి కూర్చుని, ఒక్కసారిగా గుర్రుమని అరిచింది.

“అమ్మో, గిదేంది, తిన్నదంత కక్కుతాంది!” అని బిక్షమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

“చెత్త సంచిల ఏస్తాంది అమ్మా,” అన్నాడు ఖైసర్ నవ్వుతూ. “సంచి నిండేదాక మీరు ముట్టుకునే పని లేదు. బట్ట గూడ గదే కడుక్కుంటది, గదే ఆరబెట్టుకుంటది. ఒక్కటే మాట మేడం, మన నల్లగొండ బోరు నీళ్లు పొయ్యకున్రి, తెల్లమరకలు పడ్తయి. తాగే నీళ్లు పొయ్యున్రి. గంతే, చెయ్యి పెట్టే పనే లేదు.”

చెయ్యి పెట్టే పనే లేదు. ఆ మాట వినగానే మనీషకు గుండె మీది నుంచి ఏదో దిగినట్టయింది. ఇదే, ఇంక చూసేది లేదు, ఇదే. ఆమె సంచిలోంచి కార్డు తీయబోతుండగా ఖైసర్ గొంతు కొంచెం తగ్గించి, అసలు గొప్ప సంగతి దాచిపెట్టి ఆఖరున చెప్పేవాడిలా అన్నాడు.

“ఇంకోటున్నది మేడం. ఊడ్వమని మీరు చెప్పే పని గూడ లేదు. అన్న ఫోన్ల పెట్టుకుంటే చాలు. అన్న ఫోను పట్టుకొని ఇల్లు దాటంగనే ఎనక ఇదే మొదలువెడ్తది.”

మనీష చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. అత్త ముఖం చూడకూడదనుకుంటూనే చూసింది. బిక్షమ్మ మిషన్నే చూస్తోంది. ఆమె ముఖంలో ఏమున్నదో ఈసారీ తెలియలేదు.

“గది బంద్ చెయ్యొస్తదా?” అని మనీష అడిగింది.

“చెయ్యొస్తది. కాని ఎందుకు మేడం బంద్ చేసుడు? అందరు గందుకే కొంటున్నరు.”

సైదులు పక్కన పెట్టిన ఫ్యాను మోటారును చేత్తో తిప్పి చూస్తున్నాడు. అప్పుడు బిక్షమ్మ నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించి, “మా గల్మ గింత ఎత్తుంటది బిడ్డా. దాటుతదా ఇది?” అని అడిగింది.

“గంత దాటదు అమ్మా. గల్మకు ఇటు దిక్కే తిరుగుతది. ఆడ మీరే ఊడ్సుకోవాలె.”

“మంచిగనే ఉన్నది,” అంది బిక్షమ్మ. ఏది మంచిగా ఉన్నదో చెప్పలేదు.

ఆ రోజు కొనలేదు. ఇంటికి వచ్చాక మనీషకు అన్నం సహించలేదు. మంచిగనే ఉన్నదట. గడప దాటకపోవడం మంచిదా? వెనకాలే ఊడ్చే మిషను మంచిదా? ఎత్తిపొడుపా? ఆ ఒక్క మాటను గిన్నె బోర్లించి చూసినట్టు అన్ని వైపుల నుంచీ చూసింది. మళ్లీ ఫోను తీసింది, మళ్లీ మొదటినుంచీ వెతకడం మొదలుపెట్టింది. రెండు వారాలు అట్లా పోయాక, ఒక సాయంత్రం బిక్షమ్మే ఛాయ గ్లాసు పక్కన పెట్టి, “ఏదో ఒకటి తెచ్చుకో బిడ్డా. గా ఫోను చూసి చూసి కండ్లు గుంతలు పడ్డయి,” అంది. ఆ మాట సైదులు చెవిన పడింది. మర్నాడే పోయి, ఖైసర్ చూపించినదాన్నే తెచ్చి హాల్లో దించాడు.

తెచ్చింది దీపం పెట్టిన వేళ. అక్షిత అట్టపెట్టె చింపి, దానికి బుడ్డోడు అని పేరు పెట్టేసి, ఇప్పుడే నడిపిద్దామని గంతులు. మనీష ససేమిరా అంది.

“మిషనుకు గూడ దీపం ఉంటదా?” అన్నాడు సైదులు.

“నీకు తెల్వదు, ఊకో.”

అతను ఊకున్నాడు గాని, చేతులు ఊరుకోవు కదా. ఖైసర్ చెప్పినదంతా తన ఫోన్లో ఒకటొకటిగా నొక్కి, ఇంటి పటమంతా ఎక్కించి, గొప్ప పని చేసినట్టు పడుకున్నాడు. ఏమేం నొక్కాడో పెళ్లానికి చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి అని తర్వాత అన్నాడు.

తెల్లవారి బడి బస్సు రాలేదు. సైదులు అక్షితను బండి మీద ఎక్కించుకుని వెళ్లాడు. మనీష వంటింట్లో చారుకు పోపు పెడుతోంది. బండి చప్పుడు సందు మలుపు తిరిగింది. అంతే, హాల్లో ఏదో కూత వినిపించింది, ఆ వెంటనే నేల మీద గరగరమని చప్పుడు.

గరిటె చేతిలో ఉండగానే పరుగెత్తింది. బుడ్డోడు గూట్లోంచి బయటికి వచ్చి, గుమ్మం ముందర, సరిగ్గా పిల్ల చెప్పులు విడిచిన జాగాలో ఊడుస్తున్నాడు. “ఆగు, ఆగు,” అని మనిషితో అన్నట్టే అంది మనీష. అది ఆగకుండా సోఫా కిందికి దూరింది. ఆమె నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాపింది. అందలేదు. గరిటెతో ఇవతలికి లాగి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. అది గాలిలో కూడా చక్రాలు తిప్పుతూనే ఉంది, దాని కుచ్చు చీర కుచ్చిళ్లను కొడుతూనే ఉంది. ఎక్కడ నొక్కితే ఆగుతుందో తోచలేదు, ముందురోజు చూపిస్తే కూడా చూడలేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకన వేసుకుని హాలు మధ్యన నిలబడి ఏడుపు మొదలుపెట్టింది. వంటింట్లో పోపు మాడుతోంది.

బిక్షమ్మ పెరట్లోంచి వచ్చి పొయ్యి ఆపి, కోడలి ముందుకు వచ్చి నిలబడింది.

“వాళ్లింక చేరలే అత్తమ్మా,” అంది మనీష. “వాళ్లింక చేరలే, ఇది ఊడ్సింది.”

ఏడాదిగా ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా పలకని మాట అది. నోరు దాటాక గాని మనీషకు తను ఏమన్నదో తెలియలేదు. భయంతో అత్త ముఖం చూసింది. బిక్షమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. ఆమె మిషన్ను కోడలి చంకలోంచి తీసుకుని, సోఫాలో కూర్చుని, వెల్లకిలా ఒళ్లో పెట్టుకుంది.

“కూసో,” అంది.

మనీష పక్కన కూర్చుంది. ఆపే తావు ఏదో ఇద్దరికీ తెలియదు. మిషను ఒళ్లో చక్రాలు తిప్పుతూ ఏదో మొత్తుకుంటుంటే ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అదే అలిసిపోయి ఊరుకుంది. ఆ తర్వాత కూడా ఫోన్లో సైదులు బొటనవేలు వచ్చేదాకా ఎవరూ లేవలేదు. వచ్చాక బిక్షమ్మ మిషన్ను గూట్లో పెట్టి, మాడిన గిన్నె తోమడానికి పోయింది. సైదులుకు ఆ పొద్దున ఫోన్లో పడిన తిట్లు దుకాణంలో అందరికీ వినిపించాయి. ఏ తప్పు చేశాడో సరిగా అర్థం కాకపోయినా, తన ఫోన్లోంచి ఆ ఏర్పాటు తీసేశాడు.

ఇక్కడితో మనీషకు నెమ్మది దొరికి ఉండాలి. దొరకలేదు. ఇప్పుడు బుడ్డోడు తనంతట తాను కదలడు, నెత్తి మీది బొత్తాం నొక్కితేనే కదులుతాడు. చేరినట్టు కబుర్లు వచ్చాక మనీష నొక్కుతుంది. ఒకసారి నొక్కబోయి వేలు ఆపి మళ్లీ ఫోను చూస్తుంది. చేరారు సరే, అక్కడినుంచి ఇంకెక్కడికైనా బయలుదేరలేదు కదా అని మళ్లీ ఫోను చేస్తుంది. చెయ్యి పడకూడదని అన్ని నెలలు వెతికి తెచ్చుకుంటే, నొక్కే వేలు తనదే అయింది. నేల మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపులో తన ముఖం చూసుకుని ఆమెకు ఒళ్లు మండింది.

బిక్షమ్మ మాత్రం మనవరాలితో కలిసి బుడ్డోడి పక్కన కూర్చుని ఏవో గుసగుసలు మొదలుపెట్టింది. “అవ్వా, గిది కాదు, పక్కది. గట్టిగ నొక్కు,” అని అక్షిత అనడం ఒకసారి వినిపించింది. ముసలామెకు ఆటగా ఉన్నట్టుందని మనీష పట్టించుకోలేదు.

బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండగా కేతేపల్లి నుంచి కబురు వచ్చింది. కృష్ణమ్మ బావి దగ్గర జారిపడి కాలు బెణికి మంచంలో ఉందట. బిక్షమ్మ వినీ వినగానే, “నేను పోయి చూసొస్త,” అంది.

“ఆదివారం కారు మాట్లాడుత అమ్మా, అందరం పోదాం,” అన్నాడు సైదులు.

“వద్దు. బస్సులనే పోత. ఒక్కదాన్నే పోత.”

బస్సు అంటే నకిరేకల్‌లో దిగి మారాలి. ఆ సంగతి తల్లికీ తెలుసు, కొడుకుకూ తెలుసు, ఇద్దరూ దాని మాట ఎత్తలేదు. మనీష ఒకటికి పదిసార్లు వద్దని చెప్పింది. ఎండ అంది, మోకాళ్లు అంది, ఆదివారం బస్సులు ఉండవంది. ఆమె ఏమన్నా బిక్షమ్మ తన చేతిసంచిలో చీర మడిచి పెట్టుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున సైదులు తల్లిని బస్టాండులో దింపడానికి గేటు బయట బండి మీద ఎదురుచూస్తున్నాడు. అక్షిత అరుగు మీద నిలబడి టాటా చెబుతోంది. బిక్షమ్మ సంచి పట్టుకుని గడప దాటింది, వాకిలి దాటింది, గేటు దాకా పోయి ఆగింది. సంచి కొడుకు చేతికిచ్చి వెనక్కి తిరిగింది. బయలుదేరిన మనిషి వెనక్కి రాకూడదని, ఊరందరికీ చెప్పే మనిషి ఆమె. మోకాలు పట్టుకుని మళ్లీ గడప ఎక్కి లోపలికి వచ్చింది.

“ఏం మర్సిన్రు అత్తమ్మా? నేను తెస్త గద,” అని మనీష ఎదురొచ్చింది.

బిక్షమ్మ ఆమెను దాటి తిన్నగా గూడు దగ్గరికి పోయింది. గోడ పట్టుకుని వంగి, బుడ్డోడి నెత్తి మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. అది కూత పెట్టి కదిలింది.

మనీష ప్రాణం పోయినట్టు కేక వేసి దాని మీదికి వంగింది. బిక్షమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“దాని జోలికి పోకు.”

“మీరు చేరినంక, మీరు చేరినంక నేనే...”

“నేను చేరినంక గాదు. ఇప్పుడే ఊడ్వాలె,” అంది బిక్షమ్మ. “పోయొస్త బిడ్డా.”

గడప దాటి పోయింది. ఈసారి వెనక్కి తిరగలేదు. బండి చప్పుడు మలుపు తిరిగి దూరమైంది.

మనీష సోఫాలో కాళ్లు పైన పెట్టుకుని కూర్చుంది. బుడ్డోడు గుమ్మం ముందర ఊడ్చాడు, బిక్షమ్మ నడిచిన దారంతా ఊడ్చి, వెనకాల తడిగా తుడుచుకుంటూ పోయాడు. రెండుసార్లు లేచి ఆపబోయింది, రెండుసార్లూ చెయ్యి పట్టుకున్న వేళ్లు గుర్తొచ్చి కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుంది, పక్కన పెట్టింది, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. సైదులు తిరిగి వచ్చి, బస్సెక్కించిన, కిటికీ పక్కన సీటు దొరికింది అన్నాడు. మిషను బిక్షమ్మ గదిలోకి పోయింది. ఆమె మంచం కింద అది తిరుగుతున్న చప్పుడు వింటుంటే మనీషకు అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది. కూర కాలేదు, ఏం చేయాలో తోచలేదు. అది గదులన్నీ ముగించి, బట్ట కడుక్కుని, మళ్లీ తుడవడానికి హాల్లోకి వచ్చేసరికి ఫోను మోగింది.

“నకిరేకల్‌ల దిగిన,” అంది బిక్షమ్మ. వెనక బస్సుల హారన్లు. “మీ మామ కూసున్నకాడ కూసున్న. గీ బల్లనో, గా బల్లనో. ఏదైతేంది.”

“మంచిగున్నరా అత్తమ్మా? చెమట పడ్తాందా? గుండెల ఏమన్న...”

“మంచిగున్న. ఛాయ తాగుతున్న. మిషను నడుస్తాందా?”

“నడుస్తాంది.”

అటువైపు ఎవరో సూర్యాపేట, సూర్యాపేట అని అరుస్తున్నారు.

“ఆనాడు కృష్ణమ్మ గట్ల అన్నప్పుడు నేను నోరు తెర్వాలె బిడ్డా,” అంది బిక్షమ్మ. “తెర్వలే. ఉట్టిగ మనిషి పోతడా, ఎవలో ఒకల మీద ఎయ్యాలె అనిపించింది. నీ మీద పడ్డది, ఊకున్న. తర్వాత చెప్త, తర్వాత చెప్త అనుకుంటనే ఏడాదాయె. నువ్వు చీపురు పట్టుకొని, ఫోను దిక్కు చూసుకుంట నిలవడుతుంటే నాకు తెల్వదా? రోజు చూస్తనే ఉన్న. చూసుకుంట ఊకునుడు పాపం కాదా?”

మనీష ఇన్నాళ్లూ దినాల నాటి ఆ చూపులో ఏమున్నదో అని గింజుకుంది. ఇప్పుడు తెలిసింది, అందులో నిజంగానే నింద ఉండింది, అయినా ఆమెకు కోపం రాలేదు. ఏడాది బిగబట్టిన ఏడుపు వచ్చింది, దాన్ని ఆపుకోలేదు.

“ఏడ్వకు,” అంది బిక్షమ్మ, తనూ ముక్కు చీదుతూ. “నేను కృష్ణమ్మ కాలు చూడనీకె పోతలే. గామెకు ఒక్క మాట చెప్పనీకె పోతున్న. మా ఇంట్ల నేను గల్మ దాటంగనే ఊడ్సిన్రు, నేనే ఊడ్వమని మిషను నడిపిచ్చి వచ్చిన, మీ అన్న పోయిన తోవలనే వచ్చిన, సక్కగ చేరిన అని. నలుగురు కూసున్నప్పుడే చెప్త.”

“ఇంక చేరలేదు గద అత్తమ్మా,” అంది మనీష భయంగా.

“చేర్త. బస్సొచ్చింది, పెడ్తున్న.”

ఫోను ఆగిపోయింది. బుడ్డోడు పని ముగించి గూటికి పోయి, వెనక్కి తిరిగి కూర్చుని, గుర్రుమని అరిచి చెత్తంతా సంచిలోకి పోసుకున్నాడు. తర్వాత ఇల్లు నిశ్శబ్దమైంది. హాలంతా శుభ్రంగా ఉంది. గడప దగ్గర మాత్రం, మిషను పోలేని జాగాలో, పసుపు మీద రోడ్డు దుమ్ము ఎర్రగా పరుచుకుని ఉంది. దాని మీద బిక్షమ్మ వెళ్తూ వేసిన అడుగు గుర్తు ఒకటి అట్లాగే ఉంది.

మనీష కళ్లు తుడుచుకుని లేచింది. తలుపు వెనక మూలన ఉన్న చీపురు తీసింది. కేతేపల్లి ఇంకా దూరముంది, బస్సు ఇప్పుడిప్పుడే కదిలి ఉంటుంది. వంగి గడప ఊడ్వడం మొదలుపెట్టింది.

చీపురు చప్పుడు విని సైదులు గదిలోంచి బయటికి వచ్చాడు. ముందు పెళ్లాన్ని చూశాడు, తర్వాత సోఫా మీద వదిలేసిన ఫోనును చూశాడు.

“అమ్మ చేరిందా?”

“చేర్తది,” అంది మనీష, ఊడుస్తూనే.